వికారాబాద్ నల్లరాళ్ల మీద మూడు రోజుల అనలాగ్ మిషన్: బయటికి వెళ్లి ఏం సైన్స్ చేయాలి?

తార్నాక_రాయి

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. మా డిపార్ట్‌మెంట్ వాళ్లం, ఇంజినీరింగ్ ఫ్రెండ్స్ కొందరు కలిసి డిసెంబర్‌లో వికారాబాద్ వైపు మూడు రోజుల అనలాగ్ మిషన్ పెట్టుకుంటున్నాం. అంగారకుడి మీద దిగినట్టే ఒకచోట మకాం వేయాలి, సూట్ లేకుండా గడప దాటకూడదు, నగరంలో కూర్చున్న కంట్రోల్ టీమ్‌తో ఆలస్యంగా చేరే మెసేజ్‌లతోనే మాట్లాడాలి. క్రూ నలుగురం. మకాం, తిండి, సూట్ల పనులు నడుస్తున్నాయి. ఒక హెల్మెట్ తయారైంది కూడా.

నా టెన్షన్ వేరే. మీటింగ్ పెట్టిన ప్రతిసారీ సూట్ రంగు, లోగో, వీడియో ఎవరు తీస్తారు అన్న మాటలే. బయటికి వెళ్లి ఏం చేస్తాం అని అడిగితే "శాంపిల్స్ తెద్దాం" అంటున్నారు. ఏ శాంపిల్, ఎందుకు అంటే జవాబు లేదు. సైన్స్ ప్లాన్ రాసే బాధ్యత నా మీద పెట్టారు. అంత దూరం దేనికి, హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టలు చాలవా అనే వాళ్లూ ఉన్నారు. ఫీల్డ్ పని చేసినవాళ్లు, ఇలాంటి మిషన్లకు వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

గోల్కొండ_పాతగుట్ట

అమ్మా, ముందు చోటు సంగతి తేల్చుకుందాం. ఖాజాగూడ, గోల్కొండ, మౌలాలి గుట్టలన్నీ గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసు. నాకు ప్రాణం ఆ రాళ్లంటే. కానీ అంగారకుడి పైపొర చాలా మటుకు బసాల్టు, అంటే లావా చల్లారి గట్టిపడ్డ నల్లరాయి. బసాల్టు కావాలంటే పడమటికి వెళ్లాల్సిందే. వికారాబాద్ చుట్టుపక్కల దక్కన్ ట్రాప్స్ లావా అంచు ఉంది, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. అనంతగిరి మీద ఆ బసాల్టే కుళ్లి ఎర్రటి లాటరైటుగా మారింది. మీరు ఎంచుకున్న దిక్కు సరైనదే.

ఇప్పుడు అసలు విషయం. ఆ లావా ఒక్కసారి పారింది కాదు. ఒక ప్రవాహం చల్లారాక చాలా కాలం గడిచేది. ఆ విరామంలో పల్లాల్లో చెరువులు, కుంటలు ఏర్పడి బురద పేరుకునేది. మళ్లీ లావా వచ్చి దాన్ని కప్పేసేది. ఆ సన్నటి అవక్షేపాన్నే ఇంటర్‌ట్రాపియన్ పొర అంటాం. వికారాబాద్ దగ్గరి నస్కల్ అనే ఊరి పేరు నువ్వు వినే ఉంటావు. అక్కడి ఇంటర్‌ట్రాపియన్ పొరలో దొరికిన చిన్న చిన్న పళ్ల ఆధారంగా దక్కనోలెస్టిస్ అనే ఎలుకంత క్షీరదాన్ని 1988లో వర్ణించారు. డైనోసార్ల కాలపు క్షీరదం, మన ఇంటి పక్కన!

అంగారకుడి మీద జీవం ఆనవాళ్లు వెతకాలన్నా లావాలో వెతకరు కదా. నీళ్లు నిలిచిన చోట, మట్టి పేరుకున్న చోట వెతుకుతారు. కాబట్టి మీ ప్రశ్న ఇక్కడే ఉంది: హెల్మెట్, గ్లోవ్స్ వేసుకున్న మనిషి లావా పొరల మధ్య దాగిన అవక్షేప పొరను గుర్తుపట్టగలడా? మామూలు బట్టల్లో ఉన్న మనిషితో పోలిస్తే ఎంత ఆలస్యంగా, ఎంత తక్కువగా చూస్తాడు? ఈ ఒక్క ప్రశ్న చాలు మూడు రోజులకి.

చిక్కడపల్లి_చదువరి

నిష్ఠూరంగా అనిపిస్తే క్షమించండి. ఇదంతా నటనే కదా? గురుత్వాకర్షణ మనదే, గాలి మనదే. అలసిపోతే హెల్మెట్ తీసేస్తారు. పిల్లల దగ్గర వేలకు వేలు తీసుకుని నాలుగు రోజులు తిప్పి "అనలాగ్ ఆస్ట్రోనాట్" సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లను చూశాను. మా అక్క కొడుకు కూడా అలాగే కట్టి వెళ్లాడు. ఒక్క కొలత తీసుకున్న పాపాన పోలేదు. జియాలజీ చేయాలంటే సుత్తి పట్టుకుని మామూలుగా వెళ్లి చేయొచ్చు. సూట్ దేనికి?

ఎడారి_దారి

చదువరి గారూ, మీ కోపం న్యాయమైనదే. ఆ సర్టిఫికెట్ల వ్యవహారం నాకూ తెలుసు. కానీ పద్ధతిగా చేసేవాళ్లూ ఉన్నారు. నేను యూటాలోని మార్స్ డెజర్ట్ రీసెర్చ్ స్టేషన్‌లో క్రూ సభ్యుడిగా ఉండి వచ్చాను. హ్యాంక్స్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర మార్స్ సొసైటీ 2001 నుంచి నడుపుతోంది. చుట్టూ జురాసిక్ కాలపు ఎర్రమట్టి, బంకమట్టి పొరలు.

అక్కడికి వెళ్లాక మొదట తెలిసేది ఏమిటంటే, మనకు తెలిసిన ఫీల్డ్ పని సగం శరీరంతో చేసేదని. రాయి దొరికితే ఏం చేస్తాం? సుత్తితో ఒక పెచ్చు లేపి, అరచేతిలో తిప్పి, 10ఎక్స్ హ్యాండ్ లెన్స్ కంటికి ఆనించి చూస్తాం. ఆ లెన్స్ కంటికి అంగుళం దూరంలో ఉంటేనే పనిచేస్తుంది. హెల్మెట్ అద్దం దానికి నాలుగింతల దూరంలో ఉంది! లెన్స్ జేబులోనే ఉండిపోతుంది. అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టి, ఎదురెండలో రాయి రంగే మారిపోయి కనిపిస్తుంది. గ్లోవ్స్‌తో పెన్సిల్ నిలవదు. శాంపిల్ కవర్ నోరు తెరుచుకోదు, దాని మీద నంబర్ రాయడానికి ఒకరు పట్టుకోవాలి, ఒకరు రాయాలి. క్లైనోమీటర్ రాయి మీద పెట్టి వాలు కొలవాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. వీపు మీద బరువుతో కూర్చున్నాక లేవడం ఇంకో పని.

దీన్ని నటన అంటే నేను ఒప్పుకోను. గురుత్వాకర్షణ భూమిదే, నిజమే. చూపు మూసుకుపోవడం, చేయి మొద్దుబారడం, సమయం కరిగిపోవడం మాత్రం నిజంగా జరుగుతాయి. వాటివల్ల సైన్స్ ఎంత నష్టపోతుందో కొలవాలంటే ఇలాగే చేయాలి.

గోల్కొండ_పాతగుట్ట

చదువరి గారికి ఒక చిన్న కథ. 1971లో అపోలో 15 వ్యోమగాములు స్కాట్, ఇర్విన్ చంద్రుడి మీద మొదటిసారి రోవర్ నడిపి వెనక్కి వస్తున్నారు. మధ్యలో ఆగడానికి సమయం లేదు. దారిలో స్కాట్‌కు బుడగల గుంటలున్న నల్లటి బసాల్టు రాయి ఒకటి కనపడింది. ఆగుతానంటే కంట్రోల్ ఒప్పుకోదు. సీట్‌బెల్ట్ సరిచేసుకోవాలని చెప్పి బండి ఆపాడు. ఇర్విన్ చుట్టుపక్కల గుంటల గురించి మాట్లాడుతూ ఉంటే, ఈయన దిగి ఆ రాయి తెచ్చుకున్నాడు. ఆ రాయిని ఈనాటికీ సీట్‌బెల్ట్ బసాల్ట్ అనే అంటారు.

ఆ పైలట్‌కు ఆ రాయి విలువ ఎలా తెలిసింది? అంతకుముందు నెలల తరబడి జియాలజిస్టులు వాళ్లను ఎడారుల్లో, లావా మైదానాల్లో తిప్పారు. లియోన్ సిల్వర్ లాంటి ప్రొఫెసర్లు వెంట ఉండి, కనపడింది రేడియోలో నోటితో వర్ణించడం నేర్పారు. ఆ వర్ణన విని, రాళ్లను కంటితో చూడని ఇంకో గది నిండా శాస్త్రవేత్తలు మ్యాప్ గీసుకోగలగాలి. అది సాధనతోనే వస్తుంది. మన దేశం మనుషుల్ని చంద్రుడి మీదికి పంపాలనుకుంటున్నప్పుడు ఈ సాధన మన విద్యార్థులు మన రాళ్ల మీద మొదలుపెట్టడం నాకు చాలా సంతోషం.

చిక్కడపల్లి_చదువరి

బాగుంది సార్. సూట్ వల్ల నష్టం కొలవడమే ఉద్దేశమైతే నా అభ్యంతరం లేదు. అయితే సూట్ లేకుండా కూడా అదే పని చేసి పోల్చాలి. అది లేకపోతే కొలతే లేదు.

తార్నాక_రాయి

చదువరి గారూ, సరిగ్గా అదే ఆలోచిస్తున్నాను. క్రూ నలుగురం రెండు జంటలుగా విడిపోతాం. ఒకేలాంటి రెండు చోట్లు కావాలి. మొదటి జంట ఒక చోట సూట్‌తో, రెండో చోట సూట్ లేకుండా. రెండో జంట దానికి తారుమారు. అప్పుడు "రెండోసారి చూశారు కాబట్టి బాగా చేశారు" అనే అనుమానం రాదు. రెండు సందర్భాల్లోనూ రాతపని ఉండదు, అందరూ నోటితోనే రికార్డ్ చేయాలి. ఆ వర్ణనల్ని టైప్ చేసి, ఏది సూట్‌తో చేసిందో చెప్పకుండా ఎవరైనా పెద్దవాళ్లతో మార్కులు వేయిస్తే?

గోల్కొండ_పాతగుట్ట

మార్కులు నేను వేస్తాను. కానీ నలుగురితో చేసిన దానికి సగటులు, శాతాలు తీసి గొప్పగా రాయొద్దు. ఏ స్టేషన్‌లో, అంటే ఆగి పని చేసిన ఏ చోట, ఎంతసేపు పట్టింది, ఏం కనిపించింది, ఏం తప్పిపోయింది అన్నది ఉన్నదున్నట్టు రాయండి. వచ్చే ఏడు ఇంకో నలుగురు అదే పద్ధతిలో చేస్తే అప్పుడు పోగవుతుంది.

ఇంకొకటి. లావా బుడగల గుంటల్లో తెల్లటి ఖనిజాలు నిండి ఉంటాయి. అది కాల్సైటా, జియోలైటా అన్నది దూరం నుంచి తేలదు. పలుచని యాసిడ్ చుక్క వేస్తే కాల్సైటు బుసబుస పొంగుతుంది. గ్లోవ్స్‌తో డ్రాపర్ ఒత్తగలరా, హెల్మెట్‌లోంచి ఆ పొంగు కనపడుతుందా? ఇది మంచి చిన్న పరీక్ష. తప్పకుండా పెట్టు.

కూకట్‌పల్లి_సర్క్యూట్

లెన్స్ సమస్యకు నా దగ్గర దారి ఉంది. చిన్న యూఎస్‌బీ మైక్రోస్కోప్‌ను కర్ర చివర బిగించి, ముంజేతికి కట్టుకున్న పాత ఫోన్‌లో చూడొచ్చు. ఎండలో స్క్రీన్ కనపడదు కాబట్టి దానికి నల్లటి అట్టతో గొడుగు కట్టాలి. బటన్లు పెద్దవి, గ్లోవ్స్‌తో నొక్కేలా వేరే పెడతాను.

మెసేజ్‌ల ఆలస్యానికి చిన్న ప్రోగ్రామ్ రాస్తాను. ఎవరు ఏది పంపినా పది నిమిషాలు పట్టి ఉంచి వదులుతుంది. అంగారకుడికి సిగ్నల్ ఒకవైపు వెళ్లడానికి దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు కాబట్టి పది అంటే మధ్యస్థం. అడవిలో సిగ్నల్ సరిగా ఉండదు, అందుకే మకాం దగ్గర యాంటెన్నా ఒకటి, బయటికి వెళ్లిన వాళ్లకు వాకీటాకీలు. వాకీటాకీ మకాం వరకే, అక్కడి నుంచి నగరానికి ఆలస్యం.

ఎడారి_దారి

పది నిమిషాలంటే ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి ఇరవై. ఇక్కడే చాలామంది తడబడతారు. రాయి ముందు నిలబడి జవాబు కోసం ఎదురుచూస్తే పొద్దంతా అక్కడే అయిపోతుంది. హవాయిలోని హై-సీస్ అనే అనలాగ్ మకాంలో ఒకవైపే ఇరవై నిమిషాల ఆలస్యం పెట్టేవారు. అక్కడ 2015 ఆగస్టు నుంచి ఆరుగురు ఏడాది పాటు ఉన్నారు.

ఈ చిక్కు మీదే నాసా వాళ్ల బసాల్ట్ అనే ప్రాజెక్ట్ పనిచేసింది. ఐడహో, హవాయి లావా నేలల మీద 5 నిమిషాలు, 15 నిమిషాలు ఆలస్యం పెట్టి చూశారు. వాళ్ల పద్ధతి నాకు బాగా నచ్చింది. ముందు ఆ చోటంతా తిరిగి ఫొటోలు, వర్ణనలు పంపుతారు, తీసుకోదగ్గ రాళ్లకు గుర్తులు పెడతారు. ఆ సమాచారం వెళ్లి, బ్యాక్‌రూమ్‌లోని, అంటే కంట్రోల్ దగ్గర కూర్చున్న, శాస్త్రవేత్తలు చర్చించుకుని, ఏది ముందు ఏది తరవాత అని వరుస పంపేలోగా క్రూ ఇంకో చోట పని చేసుకుంటుంది. వరుస అందాక వెనక్కి వచ్చి శాంపిల్ తీస్తుంది. మీరు కూడా దారి గీసేటప్పుడే తిరిగొచ్చే మలుపు పెట్టుకోండి. తిన్నగా వెళ్లిపోయే దారి పెడితే బ్యాక్‌రూమ్ జవాబుకు విలువే ఉండదు.

సూక్ష్మ_ప్రపంచం

నేను మైక్రోబయాలజీ. ఒక చిన్న ప్రతిపాదన. అక్కడి మట్టిలో ఏ సూక్ష్మజీవులున్నాయో వెతకడం మీ వల్ల కాదు, మూడు రోజుల్లో అసలు కాదు. కానీ మీ నుంచి శాంపిల్‌కు ఎంత అంటుకుంటోందో చూడొచ్చు. అంగారకుడి మీద జీవం వెతికే ఏ పనికైనా అదే మొదటి తలనొప్పి, దొరికింది అక్కడిదా, మనం మోసుకెళ్లిందా అని.

సూక్ష్మజీవులు మొలిచే అగర్ ప్లేట్లు నేను ఇస్తాను. శాంపిల్ తీసేముందు గ్లోవ్ వేళ్లను స్వాబ్ (శుభ్రమైన దూదిపుల్లతో తుడవడం) చేయండి, సుత్తి ముక్కును చేయండి, స్పిరిట్‌తో తుడిచాక మళ్లీ చేయండి. ఒక స్వాబ్ దేన్నీ తాకకుండా గాలిలో తెరిచి మూసేయండి. ఇది చాలా ముఖ్యం, అందరూ మర్చిపోయేది ఇదే. ఇంకో ప్లేట్ అసలు తెరవకుండా తిరిగి తీసుకురండి. ఈ రెండింటిలోనూ ఏమీ మొలవకపోతేనే మిగతా ప్లేట్లను నమ్మగలం.

గోల్కొండ_పాతగుట్ట

మంచి ఆలోచనే. కానీ తార్నాక అమ్మాయి ఒక్క ప్రశ్న మీద నిలబడాలని నా పట్టుదల. నాలుగు పనులు పెట్టుకుంటే నాలుగూ సగం అవుతాయి.

సూక్ష్మ_ప్రపంచం

సార్, ఒక్క స్టేషన్‌లో, పది నిమిషాల పని. శాంపిల్ తీసేటప్పుడు ఎలాగూ ఆగుతారు కదా. అంతకు మించి అడగను.

నల్లకుంట_డాక్టర్

మీరందరూ రాయి గురించి మాట్లాడారు, నేను మనిషి గురించి మాట్లాడతాను. మూసిన సూట్, మూసిన హెల్మెట్, వీపు మీద పది పన్నెండు కిలోలు. డిసెంబర్ ఎంచుకోవడం మంచిది. ఇదే ఏప్రిల్, మే అయితే నేను వద్దనే చెప్పేవాణ్ని. చెమట ఆరే దారి లేకపోతే ఒంటి వేడి దిగదు, వడదెబ్బ చల్లటి రోజున కూడా తగలొచ్చు. హెల్మెట్‌లోకి గాలి కొట్టే ఫ్యాన్ ఆగిపోతే ఎవరినీ అడగకుండా తీసేయాలి.

ఒంటరిగా ఎవరూ బయటికి వెళ్లకూడదు. మిషన్‌ను నిజంగా ఆపాలంటే ఒకే ఒక్క మాట ముందే అనుకోండి, ఆ మాట వినగానే ఆలస్యం లేదు, ఆట లేదు, అందరూ మామూలు ఫోన్ ఎత్తాలి. పాము కరిచినా, కాలు విరిగినా "ఇది నాటకంలో భాగమేమో" అని ఒక్క నిమిషం కూడా ఎవరూ ఆలోచించకూడదు. వికారాబాద్‌లో ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉందో ముందే కనుక్కుని రాసి పెట్టుకోండి. నాడి, బరువు, తాగిన నీళ్లు బయటికి వెళ్లే ముందు, వచ్చాక రాయండి. అది మీ సైన్స్‌కు కూడా పనికొస్తుంది, అలసిన మనిషి తక్కువ చూస్తాడు.

బండల_ప్రేమికుడు

గ్రానైటును మరీ పక్కన పెట్టేయకండి సార్. ఖాజాగూడలో గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కొత్తవాళ్లు చూసి నది దొర్లించి తెచ్చిందంటారు. నిజానికి అవి ఎక్కడివక్కడే, పగుళ్ల వెంట నీరు దిగి మూలలు అరిగి గుండ్రమైనవి. 2012లో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద గుండ్రటి గులకరాళ్లు చూసినప్పుడు, అవి ఒకప్పటి వాగులో దొర్లాయని శాస్త్రవేత్తలు తేల్చారు. గుండ్రంగా ఉండటానికి కారణం నీళ్లా, అరుగుదలా అని ఫొటోలు, వర్ణన మాత్రమే చూసి బ్యాక్‌రూమ్ చెప్పగలదా? ఇది మంచి రిహార్సల్. నగరంలోనే, ఒక ఆదివారం పొద్దున చేసేయొచ్చు. సుత్తి మాత్రం తేవద్దు. ఉన్న బండల్ని కాపాడుకోవడానికే 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు ఈ నగరంలో పోరాడుతున్నారు.

గోల్కొండ_పాతగుట్ట

ఈ మాట నాకు తట్టలేదు, చాలా బాగుంది. సూట్లు, ఫోన్ గొడుగు, పది నిమిషాల ఆలస్యం అన్నీ ఖాజాగూడలో ఒకసారి పరీక్షించుకుని, ఆ తరవాతే వికారాబాద్ వెళ్లండి.

తార్నాక_రాయి

అలాగే చేస్తాం సార్. బండల ప్రేమికుడు అన్నా, ఆ ఆదివారం మీరూ రావాలి.

ఒక చిక్కు మిగిలింది. నిజమైన మిషన్‌లో ముందే వెళ్లి చూసి రారు. ఉపగ్రహ చిత్రాలతోనే దారి గీస్తారు. మేము కూడా ఇస్రో వాళ్ల భువన్ వెబ్‌సైట్‌లో చిత్రాలు చూసి గీస్తున్నాం. కానీ డాక్టర్ గారు చెప్పినట్టు జాగ్రత్త కోసం ఎవరో ఒకరు ముందు వెళ్లి చూడాలి కదా. మేం చూసేస్తే "పొరను గుర్తుపట్టారా" అనే ప్రశ్నకే అర్థం ఉండదు.

ఎడారి_దారి

క్రూలో లేనివాళ్లు వెళ్లాలి. వాళ్లు ప్రమాదాలు మాత్రమే మీకు చెప్పాలి, బావులు, తేనెతుట్టెలు, జారే గట్లు. రాళ్ల గురించి నోరు విప్పకూడదు. బ్యాక్‌రూమ్‌కు కూడా చెప్పకూడదు.

మన దేశంలో కూడా ఈ పని మొదలైందని చెప్పడం మరిచాను. 2024 నవంబర్‌లో లేహ్‌లో ఇస్రో అనలాగ్ మిషన్ పెట్టింది. 2025 ఆగస్టులో లద్దాఖ్‌లోని సో కర్ లోయలో హోప్ అనే మకాం వేసి, పది రోజులు ఇద్దరిని ఉంచారు. నాలుగున్నర వేల మీటర్ల ఎత్తు, ఉప్పునేల, పలుచటి గాలి. అందులో పాల్గొన్న సంస్థల్లో మన ఐఐటీ హైదరాబాద్ కూడా ఉంది. మీ రిపోర్ట్ పూర్తయ్యాక అక్కడి వాళ్లకు ఒకటి పంపండి.

పరిగి_పొలం

అక్కా, నాది పరిగి పక్కన. మీరు అడవిలోకి పోతే అటవీ శాఖ పర్మిషన్ లేకుండా ఒక్క రాయి కూడా తేలేరు, అనంతగిరి చుట్టూ చాలా మటుకు రిజర్వ్ ఫారెస్టే. పట్టా భూమి అయితే యజమాని ఒప్పుకుంటే చాలు. ఊర్లో సర్పంచ్‌కు, పోలీస్ స్టేషన్‌కు కూడా ఒక మాట చెప్పి పెట్టండి. తెల్లటి సూట్లు, హెల్మెట్లు వేసుకుని నలుగురు పొలాల్లో తిరిగితే మావాళ్లు భయపడతారు. ఏదో గని తవ్వడానికి సర్వే చేస్తున్నారు, భూములు పోతాయి అనుకుంటారు. స్కూల్ పిల్లలకు ముందే వచ్చి గంటసేపు చెబితే ఇంట్లో వాళ్లే చెప్పుకుంటారు.

మా పెద్దనాన్న పొలం చివర ఒర్రె ఉంది. వానలకు గట్టు కోసుకుపోయి మనిషెత్తు నిలువుగా తేలింది. పైన నల్లరాయి, కింద నల్లరాయి, మధ్యలో మూరెడు మందాన బూడిద రంగు మట్టి పట్టీ. దాంట్లో చిన్న చిన్న నత్తగుల్లల లాంటివి రాయిగా మారి ఉన్నాయి. చిన్నప్పుడు ఏరుకుని ఆడుకునేవాళ్లం. ఇంకో కిలోమీటర్ అవతల ఇలాంటిదే మరొకటి ఉంది. ఫొటోలు రేపు పొద్దున తీసి ఇక్కడ పెడతాను.

గోల్కొండ_పాతగుట్ట

బాబూ, ఆగు! ఫొటోలు ఇక్కడ పెట్టకు, ఊరి పేరు కూడా చెప్పకు. మంచినీటి నత్తల శిలాజాలు ఇంటర్‌ట్రాపియన్ పొరల్లో బాగా దొరుకుతాయి, నువ్వు చెప్పేది అదే అయి ఉండాలి. నాకు విడిగా మెసేజ్ చెయ్. వచ్చే వారం నేను, డాక్టర్ గారు వచ్చి రెండు చోట్లా చూస్తాం. అప్పటిదాకా ఆ గుల్లల్ని ఎవరూ ఏరకుండా పెద్దనాన్నగారికి చెప్పు.

తార్నాక అమ్మాయీ, నువ్వు క్రూలో ఉన్నావు. ఆ పైన రాసింది చదివేశావు కాబట్టి ఇప్పుడు ఏం చేద్దాం?

తార్నాక_రాయి

చదివాను సార్. పొర మందం, రంగు, నత్తగుల్లలు అన్నీ తెలిసిపోయాయి. నేను క్రూలోంచి తప్పుకుని బ్యాక్‌రూమ్‌లో కూడా కాకుండా మీతో పాటు చోటు చూసే టీమ్‌లోకి వస్తాను. నా బదులు జూనియర్ ఒకమ్మాయి వెళ్తుంది. తను ఈ ఫోరమ్‌లో లేదు. మిగతా ముగ్గురికీ ఈ థ్రెడ్ తెరవొద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెబుతున్నాను. సర్క్యూట్ అన్నా, ముంజేతి ఫోన్ కొలత తన చేతికి తీసుకోవాలి, బుధవారం డిపార్ట్‌మెంట్‌కు రాగలరా?

కూకట్‌పల్లి_సర్క్యూట్

బుధవారం నాలుగింటికి వస్తాను. హెల్మెట్ కూడా తెప్పించు, ఫ్యాన్ ఎంతసేపు ఆగకుండా తిరుగుతుందో అక్కడే చూద్దాం.